అమెరికా యూనివర్సిటీ హౌసింగ్‌లో ఈఎస్ఏ పెట్టుకోవాలంటే ఏం చేయాలి

నవంబర్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఇక్కడ సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే జూనియర్ల నుంచి నాకు ఈ మెసేజ్ మొదలవుతుంది: "అక్కా, క్యాంపస్ అపార్ట్‌మెంట్‌లో పెట్స్ వద్దంటున్నారు, లెటర్ ఉంటే పిల్లిని పెట్టుకోవచ్చంట కదా, ఆ లెటర్ ఎక్కడ కొనాలి?"

కొనకండి. మొదటి సంవత్సరం నేనూ అదే చేశాను. ఒక వెబ్‌సైట్‌లో పది నిమిషాలు ప్రశ్నలకి జవాబులు నొక్కి, కార్డుతో డబ్బు కట్టి, బంగారు అంచు ఉన్న సర్టిఫికెట్, పిల్లి ఫొటో అతికించుకునే ఐడీ కార్డు తెప్పించుకున్నాను. యూనివర్సిటీ ఆఫీసు రెండు లైన్ల మెయిల్‌తో తిప్పి పంపేసింది. డబ్బు పోతే పోయింది, కానీ పని అయిపోయిందనుకుని ఆ నెలన్నర నేను ఏ డాక్టర్‌నీ కలవలేదు, దానివల్ల జరిగిన నష్టమే పెద్దది. ఇప్పుడు ఎవరడిగినా ఒకటే చెబుతాను: ముందు ట్రీట్‌మెంట్ మొదలుపెట్టండి, లెటర్ అందులోంచి వస్తుంది, పిల్లి లెటర్ తర్వాత వస్తుంది.

ఈఎస్ఏ అంటే ఎమోషనల్ సపోర్ట్ యానిమల్, మానసిక ఇబ్బంది ఉన్నవాళ్లకి తోడుగా ఉండే జంతువు. ఆ జంతువు అవసరం ఉందని డాక్టరో థెరపిస్టో రాసిచ్చేదే ఆ లెటర్. మామూలు పెట్ కాదు, అలాగని చూపు లేనివాళ్లని దారి చూపిస్తూ నడిపించే సర్వీస్ డాగ్ కూడా కాదు. డిజెబిలిటీ ఉన్నవాళ్ల హక్కుల కోసం ఉన్న ఏడీఏ చట్టం ప్రకారం సర్వీస్ యానిమల్ అంటే ఒక ప్రత్యేకమైన పని నేర్పిన కుక్క, కొన్ని సందర్భాల్లో పొట్టి గుర్రం, దాన్ని క్లాసుకీ లైబ్రరీకీ కూడా తీసుకెళ్లొచ్చు. ఈఎస్ఏకి ట్రైనింగ్ అక్కర్లేదు, మీ పక్కన ఉండటమే దాని పని, అందుకే దాని హక్కు కూడా మీరు ఉండే ఇంటి వరకే. డైనింగ్ హాల్‌కీ ల్యాబ్‌కీ మీరు టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) కూర్చునే గదికీ దాన్ని తీసుకెళ్లడం కుదరదు. ఫ్లైట్ సంగతి కూడా అంతే, 2021 జనవరి 11న అమల్లోకి వచ్చిన రూల్‌తో ఎయిర్‌లైన్స్ ఈఎస్ఏని సర్వీస్ యానిమల్‌గా ఒప్పుకోవాల్సిన పని లేదు, మామూలు పెట్‌కి కట్టినట్టే డబ్బు కట్టాలి.

ఇంట్లో పెట్టుకునే హక్కు ఇచ్చేది ఇళ్ల విషయంలో వివక్షని ఆపే ఫెయిర్ హౌసింగ్ యాక్ట్. 1968లో వచ్చిన చట్టం ఇది, 1988 సవరణతో డిజెబిలిటీ ఉన్నవాళ్లకీ వర్తించింది. డార్మ్ అనేది ఇల్లు కాదు, మాకిది వర్తించదు అని కొన్ని యూనివర్సిటీలు చాలాకాలం వాదించాయి. నెబ్రాస్కా యూనివర్సిటీ కార్నీ క్యాంపస్‌లో ఒక స్టూడెంట్ తన చిన్న కుక్కని గదిలో ఉంచుకోనివ్వలేదని అమెరికా న్యాయశాఖ 2011లో కేసు వేసింది. స్టూడెంట్ హౌసింగ్‌కీ ఈ చట్టం వర్తిస్తుందని 2013లో ఫెడరల్ కోర్టు చెప్పింది, 2015లో యూనివర్సిటీ అలా అనుమతి దొరకని ఇద్దరు స్టూడెంట్లకి 1,40,000 డాలర్లు కట్టడానికి ఒప్పుకుని రాజీ పడింది. మరుసటి ఏడాది కెంట్ స్టేట్ యూనివర్సిటీ ఇలాంటి కేసులోనే 1,45,000 డాలర్లకి రాజీ చేసుకుంది. కాబట్టి ఈరోజు మీరు అడిగేది ఎవరి దయా కాదు. ఆఫీసులో అడగడానికి వెళ్లేటప్పుడు మొహమాటపడకండి.

మనవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది చట్టం దగ్గర కాదు, "డిజెబిలిటీ" అనే మాట దగ్గర. ఫారం మీద ఆ మాట చూడగానే "నాకేమైంది, చేతులూ కాళ్లూ బాగానే ఉన్నాయి కదా" అని టాబ్ మూసేస్తారు. చట్టం చూసేది వేరు. శరీరానికి గానీ మనసుకి గానీ ఉన్న ఇబ్బంది వల్ల నిద్ర, తిండి, చదువు మీద ధ్యాస, మనుషులతో మెలగడం లాంటి రోజువారీ పనుల్లో ఏదైనా బాగా దెబ్బతింటుంటే అది డిజెబిలిటీ కిందకి రావచ్చు. డిప్రెషన్, యాంగ్జైటీ, పీటీఎస్‌డీ ఇవన్నీ రావచ్చు. ఇంటి మీద బెంగ ఒక్కటే అయితే రాదు, అది అందరికీ ఉంటుంది. కానీ బెంగ అనుకుంటున్నది రెండు నెలలైనా తగ్గక మీరు క్లాసులు మానేసి పడుకుంటున్నారంటే అది బెంగో కాదో తేల్చాల్సింది మీరు కాదు, డాక్టర్.

రెండో భయం వీసా. ఎఫ్‌1 మీద ఉన్నా చట్టం మీకూ అదే. ఈఎస్ఏ అడిగినట్టు సెవిస్ రికార్డులో, అంటే విదేశీ స్టూడెంట్ల వివరాలుండే ప్రభుత్వ రికార్డులో, ఎక్కడా ఎక్కదు. ఆరోగ్యం బాగోక కోర్సులు తగ్గించుకుంటే మాత్రం డీఎస్ఓ, అంటే యూనివర్సిటీలో మన వీసా వ్యవహారాలు చూసే అధికారి, అనుమతి కావాలి, అది సెవిస్‌లో నమోదవుతుంది, ఆ రెండింటినీ కలిపేసుకుని భయపడేవాళ్లని చాలామందిని చూశాను. మూడో భయం ఇంట్లోవాళ్లు. కాలేజీలో చేరాక మీ రికార్డుల మీద హక్కు ఫెర్పా చట్టం ప్రకారం మీదే, ఆఫీసు మామూలుగా అమ్మకో నాన్నకో ఫోన్ చేసి చెప్పదు. చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. నేను చెప్పడానికి ఏడు నెలలు పట్టింది, వీడియో కాల్‌లో పిల్లి తోక కెమెరాకి అడ్డం వచ్చిన రోజు అమ్మే అడిగింది.

ఇక ట్రీట్‌మెంట్. మొదట వెళ్లాల్సింది క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కే, ఎక్కువచోట్ల విడిగా ఫీజు ఉండదు. కానీ చాలా సెంటర్లకి ఈఎస్ఏ లెటర్లు రాయకూడదని సొంత రూల్ ఉంటుంది, మొదటి అపాయింట్‌మెంట్‌లోనే అడిగేయండి. వాళ్లు "మేం రాయం" అంటే బాధపడకుండా, స్టూడెంట్ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్న థెరపిస్ట్‌ల, సైకియాట్రిస్ట్‌ల లిస్ట్ ఇప్పించమనండి, ఆ పని వాళ్లు బాగా చేస్తారు. ఫోన్ చేసినప్పుడు కొత్త పేషంట్లని తీసుకుంటున్నారా, ఈ ఇన్సూరెన్స్ ఒప్పుకుంటారా, కో-పే, అంటే ప్రతిసారీ మీ చేతినుంచి కట్టాల్సింది, ఎంత, ఈ మూడూ అడగండి. నాలుగైదు చోట్ల కాదంటారు. ఆరో చోట దొరుకుతుంది, వదలొద్దు.

డాక్టర్ ముందు కూర్చున్నాక మనకొక అలవాటుంది, "హౌ ఆర్ యూ" అనగానే "ఐ యామ్ గుడ్" అని నోట్లోంచి వచ్చేస్తుంది, పెద్దవాళ్ల దగ్గర "బాగానే ఉన్నానండీ" అన్నట్టే. అక్కడ అలా అంటే ఆ గంట వృథా. ముందురోజే కాగితం మీద రాసుకోండి: ఎన్నింటికి పడుకుంటున్నారు, ఎన్నిసార్లు లేస్తున్నారు, ఎన్ని క్లాసులు మానేశారు, ఎన్ని రోజులు అన్నం వండుకోకుండా చిప్స్‌తో గడిపారు. నేను రాసుకెళ్లిన దాంట్లో ఒక లైను ఇది: "మిడ్‌టర్మ్ వారం, తెల్లవారుజామున మూడు, గుండె దడ, బాత్రూం నేల మీద కూర్చున్నాను." దాని కిందే ఇంకో లైను: "సెలవుల్లో ఫ్రెండ్ ఇంట్లో నాలుగు రాత్రులు ఉన్నాను, వాళ్ల పిల్లి నా పొట్ట మీద ఎక్కి పడుకుంది, కదిలితే లేస్తుందేమోనని కదలకుండా ఉన్నాను, ఎప్పుడు నిద్రపోయానో తెలియదు." థెరపిస్ట్ ఆ రెండో లైను మీద వేలు పెట్టి మళ్లీ చదివారు. లెటర్‌కి కావాల్సిందంతా అందులోనే ఉంది, ఎందుకంటే జంతువు వల్ల ఈ మనిషికి ఈ ఇబ్బంది ఇలా తగ్గుతోంది అని డాక్టర్ రాయగలగాలి. పిల్లులంటే ఇష్టం అన్నది చాలదు.

మొదటి సెషన్‌లోనే లెటర్ అడగొద్దు. కొన్ని సెషన్లయ్యాక, మీ గురించి వాళ్లకి తెలిశాక, "ఇది నాకు పనికొస్తుందంటారా" అని సలహా అడిగినట్టు అడగండి. కాలిఫోర్నియాలో 2022 జనవరి నుంచి చట్టమే ఉంది, కుక్కని ఈఎస్ఏగా పెట్టుకోవడానికి లెటర్ రాయాలంటే కనీసం 30 రోజుల ముందు నుంచి మీరు వాళ్ల దగ్గర ట్రీట్‌మెంట్‌లో ఉండాలి. ఫ్లోరిడాలో దొంగ కాగితాలు పెడితే నేరం కింద కేసు అవుతుంది, వీసా మీద ఉన్న మనకి అలాంటి రికార్డు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఆన్‌లైన్‌లో వీడియో కాల్ మీద చూసే డాక్టర్ అయినా ఫర్వాలేదు, మీరు ఉండే రాష్ట్రంలో లైసెన్స్ ఉండి నిజంగా మిమ్మల్ని చూస్తుంటే చాలు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ముందే ట్రీట్‌మెంట్ తీసుకుని ఉంటే ఆ ప్రిస్క్రిప్షన్లు, డిశ్చార్జ్ సమ్మరీలు తప్పకుండా తెచ్చుకోండి, ఇక్కడి డాక్టర్‌కి మీ కథ మొదటినుంచి చెప్పే పని తగ్గుతుంది. డాలస్‌లో ఉండే బాబాయి డాక్టరే కదా, ఆయనతో రాయించేద్దాం అనుకోకండి, బంధువుల లెటర్ చెల్లదు, ఆయన్నీ ఇబ్బంది పెట్టినట్టవుతుంది.

ఈలోగా ఏ రాత్రయినా బతకాలని లేదనిపిస్తే లెటరూ వద్దు, అపాయింట్‌మెంటూ వద్దు, హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, మెసేజ్ చేసినా పలుకుతారు. తెలుగులో మాట్లాడితే గానీ గుండె బరువు దిగదనిపిస్తే నమ్మకమున్న ఒక్క మనిషికి అప్పుడే ఫోన్ చేయండి, అర్ధరాత్రి అని చూడకండి, ఇండియాలో అప్పుడు పగలే.

లెటర్ ఒక పేజీ ఉంటే చాలు. లెటర్‌హెడ్, లైసెన్స్ నంబరు, ఏ రాష్ట్రం, తేదీ, సంతకం. లోపల, ఈ వ్యక్తి నా దగ్గర ట్రీట్‌మెంట్‌లో ఉన్నారు, రోజువారీ జీవితాన్ని బాగా ఇబ్బంది పెట్టే డిజెబిలిటీ ఉంది, ఈ జంతువు ఇంట్లో ఉండటం వల్ల ఫలానా లక్షణాలు తగ్గుతాయి అని ఉండాలి. మీ మెడికల్ రికార్డులన్నీ ఇమ్మని ఎవరూ పట్టుబట్టకూడదు, అడిగితే ఎందుకు కావాలో రాతపూర్వకంగా చెప్పమనండి. చాలా యూనివర్సిటీలకి సొంత ఫారం ఉంటుంది, దాన్ని ముందే డౌన్‌లోడ్ చేసి థెరపిస్ట్‌కి ఇచ్చేస్తే రెండుసార్లు తిరగక్కర్లేదు.

అప్లికేషన్ హౌసింగ్ ఆఫీసుకి కాదు, డిజెబిలిటీ ఆఫీసుకి పెట్టాలి. ఒక్కోచోట ఒక్కో పేరు, యాక్సెసిబిలిటీ సర్వీసెస్ అనో డిజెబిలిటీ రిసోర్స్ సెంటర్ అనో ఉంటుంది. వాళ్లు మీతో ఒకసారి మాట్లాడతారు, తర్వాత హౌసింగ్‌కి చెబుతారు. ఫాల్‌కి కావాలంటే వేసవిలోనే పెట్టండి, సెమిస్టర్ మధ్యలో పెట్టినా తీసుకోవాలి గానీ అప్పటికి గదులన్నీ నిండిపోయి ఉంటాయి. ఫోన్‌లో ఏం మాట్లాడినా ఆ సాయంత్రమే "ఈరోజు మీరు ఇలా చెప్పారు" అని మెయిల్ పెట్టి ఉంచుకోండి. అప్రూవల్ మెయిల్ రాకుండా జంతువుని ఇంట్లోకి తీసుకురావొద్దు. ఒక్కరోజు ముందు తెచ్చినా రూల్ తప్పినట్టే, ఫైన్ పడుతుంది, ఆ తర్వాత మీరు ఏం చెప్పినా అనుమానంగానే చూస్తారు.

పెట్ ఫీజు, పెట్ డిపాజిట్, పెట్ రెంట్ ఈఎస్ఏకి తీసుకోకూడదు. కార్పెట్ పాడైతే మాత్రం మీరే కట్టాలి, అందుకే చేరిన రోజే నేల, తలుపుల కింది అంచులు, సోఫా ఫొటోలు తీసి పెట్టుకోండి. కాదంటే కారణం రాసి ఇమ్మనండి, యూనివర్సిటీలోనే అప్పీల్ ఉంటుంది. అక్కడా అన్యాయం జరిగిందనిపిస్తే ఫెడరల్ హౌసింగ్ శాఖ, అంటే హెచ్‌యూడీకి, ఏడాదిలోపు ఫిర్యాదు చేయొచ్చు.

క్యాంపస్ బయట ఉండేవాళ్లకి కూడా ఇదే చట్టం, లెటర్ అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసుకి ఇవ్వాలి, అంతే తేడా. ఓనర్ అదే బిల్డింగ్‌లో ఉంటూ మొత్తం నాలుగు ఇళ్లో అంతకంటే తక్కువో ఉంటే ఈ చట్టం నుంచి మినహాయింపు ఉంది. తెలిసినవాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, అక్కడ లెటర్ పని చేయకపోవచ్చు, ఆంటీని ఒప్పించుకోవాలి.

ఏ చట్టంలోనూ లేని చిక్కు రూమ్మేట్స్. రెండు బెడ్రూముల్లో నలుగురం ఉంటాం, ఒకరికి ఎలర్జీ, ఒకరికి చిన్నప్పుడు వీధికుక్క కరిచిన భయం, ఒకరు వంటింటి అరలో దేవుడి పటాలు పెట్టుకుని రోజూ దీపం వెలిగిస్తారు, అక్కడ పిల్లి తిరిగితే ఒప్పుకోరు. ఎలర్జీ ఉన్న రూమ్మేట్‌దీ ఆరోగ్య సమస్యే, యూనివర్సిటీ సాధారణంగా ఇద్దరిలో ఒకరిని వేరే గదికి మారుస్తుంది. అప్లికేషన్ పెట్టకముందే అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. మీ జబ్బు పేరు చెప్పక్కర్లేదు, "డాక్టర్ చెప్పారు, పిల్లి నా గదిలోనే ఉంటుంది, వంటింట్లోకి రాదు, లిట్టర్ రోజూ నేనే తీస్తాను" అంటే చాలు. ఆ మూడు మాటలూ నిలబెట్టుకోవాలి. ఒక్క వారం లిట్టర్ తీయకపోతే ఇల్లంతా కంపు, గ్రూప్ చాట్‌లో గొడవ మొదలవుతుంది.

ఏ జంతువు? మన ఊళ్లో ఉన్న కుక్కనే తెచ్చుకుంటానంటారు కొందరు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది కానీ కష్టం. కుక్కలకి రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ పెట్టిన రూల్స్ ప్రకారం కుక్కకి కనీసం ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, ప్రభుత్వ వెటర్నరీ అధికారి ధ్రువీకరించిన టీకా కాగితాలు కావాలి, సీడీసీ ఒప్పుకున్న ల్యాబ్‌లో రక్తపరీక్ష కావాలి, అది లేకపోతే 28 రోజులు క్వారంటైన్, పైగా దిగే ఎయిర్‌పోర్టులు కూడా కొన్నే. ఎంఎస్ మొదటి సెమిస్టర్ ఫీజు కడుతూ ఇవన్నీ చేయడం అయ్యే పని కాదు. ఇక్కడి షెల్టర్‌లో పెద్ద వయసు పిల్లిని తీసుకోండి అంటాను నేను. కూన అయితే రాత్రంతా గెంతుతుంది, ఉన్న నిద్రా పోతుంది. మూడు నాలుగేళ్ల పిల్లి స్వభావం ముందే తెలిసిపోతుంది, చాలా షెల్టర్లలో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, టీకాలు అయిపోయే ఇస్తారు. కుక్క అయితే మైనస్ పది డిగ్రీల్లో కూడా రోజుకి మూడుసార్లు బయటికి తీసుకెళ్లాలి. కొందరికి ఆ బలవంతమే మంచి చేస్తుంది, మంచం దిగేలా చేస్తుంది. ఏది సరిపోతుందో థెరపిస్ట్‌తోనే మాట్లాడండి. పాములు, కోతులు, కోళ్ల లాంటి వాటికి ఒప్పించడం చాలా కష్టం.

ఇంట్లోకి వచ్చాక మన వంటింటి సంగతి చూడాలి, ఇది ఇంగ్లిష్ గైడ్లలో దొరకదు. ఊళ్లో కుక్కకి పప్పన్నం కలిపి పెట్టిన చేతులు మనవి, ఇక్కడ అది చేయకండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకీ కుక్కలకీ విషం, రక్తకణాలని పాడుచేస్తాయి, పప్పు పోపులో, సాంబారులో, పొడుల్లో అన్నిట్లో అవే. పాయసంలో వేసే ఎండుద్రాక్ష కుక్క కిడ్నీలని దెబ్బతీస్తుంది. దేవుడికి వెలిగించే కర్పూరం, అమ్మ సూట్‌కేసులో పట్టుచీర మధ్య పెట్టి పంపిన కలరా ఉండలు, రెండూ విషమే. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది డోలో 650. అందరం ఇండియా నుంచి స్ట్రిప్పులు స్ట్రిప్పులు తెచ్చుకుంటాం, టేబుల్ మీద పడేస్తాం, అందులో ఉండే పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం తీయడానికి. మందులన్నీ మూత ఉన్న డబ్బాలో పెట్టండి. ఏదైనా మింగిందనిపిస్తే జంతువుల కోసం ఉన్న ఏఎస్‌పీసీఏ పాయిజన్ కంట్రోల్ 888-426-4435, ఫీజు తీసుకుంటారు గానీ ఇరవై నాలుగు గంటలూ ఉంటారు.

ఫైర్ అలారం ఇంకోటి. మనం పోపు పెడితేనే మోగుతుంది, ఇక డ్రిల్స్ సరేసరి. మొదటిసారి మోగినప్పుడు రాత్రి రెండు, బయట మంచు, నా పిల్లి మంచం కింద గోడ మూలకి పోయి గోళ్లతో కార్పెట్ పట్టుకుంది, లాగితే చెయ్యి గీరేసింది, ఆర్ఏ, అంటే మా బిల్డింగ్ చూసుకునే సీనియర్ స్టూడెంట్, తలుపు కొడుతోంది. ఆ తర్వాత నుంచి క్యారియర్‌ని అటక మీద పెట్టడం మానేశాను. మూత తీసి గది మూలనే ఉంచాను, లోపల నా పాత చున్నీ పరిచాను, రోజూ నాలుగు గింజలు ట్రీట్లు అందులోనే వేశాను. మూడు వారాలకి అది అందులో పడుకోవడం మొదలుపెట్టింది. తర్వాతి అలారానికి నేను చెప్పులేసుకునేలోపు అది లోపలే ఉంది, జిప్ లాగి బయటికి నడిచాను. తలుపు మీద "లోపల పిల్లి ఉంది" అని కాగితం అంటించండి, మెయింటెనెన్స్ వాళ్లు వచ్చే రోజు గదిలోనే ఉండండి, లేదా క్యారియర్‌లో పెట్టండి.

సెలవుల ప్లాన్ మాత్రం జంతువుని తెచ్చుకోకముందే వేసుకోవాలి. జంతువుని రాత్రిపూట గదిలో ఒంటరిగా వదిలి ఊరెళ్లడానికి ఒప్పుకోరు, రూమ్మేట్‌కి అప్పజెప్పి వెళ్లడానికి కూడా చాలాచోట్ల కుదరదు, ఎందుకంటే అనుమతి ఇచ్చింది మీకు. వింటర్ బ్రేక్‌లో కొన్ని డార్మ్‌లు మూసేస్తారు. అక్క పెళ్లికి మూడు వారాలు ఇండియా వెళ్లాలంటే ఎవరి దగ్గర ఉంచుతారు? ఒక్క పేరైనా, వాళ్లు సరేనన్నాకే, షెల్టర్‌కి వెళ్లండి. నేను అడిగిన మొదటి ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు, మూడో ఆవిడ మా లిట్టర్ కొనే షాపులో పనిచేసే పెద్దావిడ, ఇప్పటికీ ఆవిడే చూస్తారు. ఇంకో సంగతి, ఎంఎస్ రెండేళ్లలో అయిపోతుంది, ఇంట్లో పెరిగే పిల్లి పదిహేనేళ్లు కూడా బతుకుతుంది. ఓపీటీలో, అంటే చదువయ్యాక పనిచేయడానికి ఇచ్చే అనుమతి మీద, ఉద్యోగం ఏ రాష్ట్రంలో వస్తుందో తెలియదు, వీసా ఏమవుతుందో తెలియదు. తిరిగి వెళ్లాల్సి వస్తే దాన్ని తీసుకెళ్తారా, ఎవరికైనా ఇస్తారా, ఆ జవాబు దగ్గర మీ మనసు గట్టిగా లేకపోతే చేప తొట్టి పెట్టుకోండి, లేదా షెల్టర్‌లో వారానికి రెండు గంటలు వాలంటీర్‌గా వెళ్లండి. ఒక జూనియర్ అలాగే మొదలుపెట్టాడు, ఏడాదిగా శనివారాలు కుక్కల్ని నడిపిస్తున్నాడు, లెటర్ అవసరం తనకి ఇంకా రాలేదు.

అప్రూవల్ చాలాచోట్ల ఒక్క అకడమిక్ ఇయర్‌కే ఉంటుంది. మార్చి రాగానే క్యాలెండర్‌లో అలారం పెట్టుకోండి, కొత్త లెటర్, రేబిస్ టీకా కాగితం, జంతువు పేరిట కౌంటీ లైసెన్స్ అడిగితే అదీ, మూడూ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుని గది మారే ముందే ఆఫీసుకి పంపేయండి.